రాసుకున్నవాళ్ళ బాకీ

పోయిన మార్చిలో మా పిన్నివాళ్ళ ఊరు వెళ్ళాను. చిలకలూరిపేటలో దిగి లోపలికి పోవాలి. మిరప కోతల కాలం. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. ఆటో దిగేసరికే తుమ్ములు మొదలయ్యాయి. పిన్ని ముప్ఫై ఏళ్ళకు పైగా ఏఎన్‌ఎంగా చేసి రిటైరయింది. ఇప్పటికీ ఊళ్ళో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ నర్సమ్మే. ఆ సాయంత్రం విలేజ్ క్లినిక్‌లో కొత్తగా చేరిన నర్సు వచ్చి, పొలాల్లో దిగిన కూలీల గుడిసెలకి దారి ఎటని అడిగింది. "మావాడు బండి మీద దింపుతాడు పోమ్మా" అంది పిన్ని, నన్ను ఒక్కమాట కూడా అడక్కుండా.

కాలవ కట్ట పక్కన నీలం పట్టాలు కప్పిన గుడిసెలు ఇరవై దాకా ఉన్నాయి. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా కోతలకి పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ళవి. నర్సు ఒక చేత్తో ట్యాబ్ పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతోంది. పేరు, వయసు, ఆధార్, ఫోన్ నంబరు. ఒకమ్మాయికి ఏడో నెల. గర్భిణులకిచ్చే కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. తీసి చూపించింది. ఫోను మాత్రం మొగుడి దగ్గరుంది, అతను కాటా దగ్గరున్నాడు. ఓటీపీ రాదు. నర్సు అన్నీ మళ్ళీ మొదట్నించి అడగడం మొదలుపెట్టింది. అప్పుడా అమ్మాయి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది:

"ఆడ మా ఊర్లో రాసుకున్యారు. ఈడ మీరూ రాసుకుంటాండారు. ఇంతమంది రాసుకుంటే మాకేమన్నా వస్తాదా మేడమ్?"

నర్సు నవ్వేసి, "చెయ్యి చాపమ్మా, బీపీ చూస్తా" అంది. నాకు మాత్రం ఆ ప్రశ్న బండి మీద నాతోపాటే ఇంటికొచ్చేసింది.

ఈ నల్లరేగడి నేలలో 'రాసుకోవడం' అనే మాటకి వేరే బరువుంది. పురుగుమందుల కొట్లో రైతు "నా పేరు మీద రాసుకో" అంటాడు. అంటే బాకీ పడ్డాడని. విత్తనాలు, మందు కట్టలు, కొట్టే మందులు అన్నీ షావుకారు పుస్తకంలో పద్దులవుతాయి. పంట యార్డుకి చేరాక ముందు ఆ పద్దు తీరాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందే తాగి చనిపోయారు. చాలా ఇళ్ళల్లో ఆ మనిషి పోయినా పుస్తకంలో పద్దు పోలేదు. అందుకే ఇక్కడి మనుషులకి ఒక విషయం బాగా తెలుసు: ఎవరి పేరు రాశారో వాళ్ళే బాకీ.

ఆసుపత్రి పుస్తకంలో సంగతి దీనికి తిరగబడి ఉండాలి కదా? అక్కడ రాసుకున్నవాడు బాకీ పడాలి. నీ బీపీ ఇంత, నీ ఒంట్లో రక్తం ఇంత, నీ కడుపులో బిడ్డకి ఇన్ని నెలలు అని నేను రాసుకున్నానంటే, నీ గురించి నీకంటే ఎక్కువ సంగతులు నా దగ్గరున్నాయని అర్థం. తెలిసినవాడికీ తెలియనివాడికీ బాధ్యత ఒకటే ఎలా అవుతుంది? తెలిసి ఊరుకోవడం, తెలియక ఊరుకోవడం ఒకటి కాదు. మొదటిదానికి మనం జవాబు చెప్పాలి.

నర్సింగ్ అనే వృత్తి మొదట్లోనే ఈ సంగతి తెలుసుకుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకి చేతిలో దీపమే గుర్తొస్తుంది. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్ళిన ఆమె అక్కడ దీపంతో పాటు లెక్కలూ పట్టుకుంది. సైనికులు గాయాలతో చనిపోతున్నదానికంటే రోగాలతో చనిపోతున్నదే ఎక్కువని అంకెలతో తేల్చి, 1858లో రంగుల బొమ్మలు గీసి మరీ ప్రభుత్వానికి చూపించింది. ఆ అంకెలు చనిపోయినవాళ్ళవి. వాళ్ళకి ఇక చేయగలిగిందేమీ లేదు. ఆ బాకీ తర్వాత వచ్చే సైనికుడికి చెల్లించాలని ఆమె పట్టుబట్టింది. మన దేశానికి ఎప్పుడూ రాకపోయినా ఇక్కడి కరువుల గురించి, పారిశుద్ధ్యం గురించి దశాబ్దాల పాటు రాసింది. మన ఆనకట్టల కాటన్ దొరతో ఉత్తరాలు నడిపి, సాగునీటి కోసం ఆయన వాదనను బలపరిచింది. లెక్క పెట్టడం కూడా సేవలో భాగమేనని ఆమె నమ్మకం. అయితే లెక్క పెట్టి ఊరుకోవడం గురించి ఆమె ఏమనుకునేదో మనం ఊహించుకోవచ్చు.

ఇప్పుడు గుంటూరు సంగతికొస్తాను. ఇది మనవాళ్ళకి తెలియాల్సినంతగా తెలియని కథ.

2000 తర్వాతి సంవత్సరాల్లో హెచ్ఐవీ అనగానే దేశంలో వినిపించే జిల్లా పేర్లలో గుంటూరు ఒకటి. అప్పట్లో లెక్క ఎలా తీసేవారంటే, ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల నుంచీ సుఖవ్యాధుల క్లినిక్కులకి వచ్చేవాళ్ళ నుంచీ సిఫిలిస్ పరీక్షకి తీసిన రక్తంలో మిగిలినదాన్ని, పేరు తీసేసి, హెచ్ఐవీకి పరీక్షించేవారు. ఫలితం లెక్కలోకి వెళ్ళేది. ఆ రక్తం ఇచ్చిన మనిషికి మాత్రం చేరేది కాదు, ఎందుకంటే చేరవేయడానికి పేరే లేదు. ఆ లెక్కల పద్ధతి ప్రకారం గుంటూరు జిల్లాలో 15-49 ఏళ్ళవాళ్ళలో సుమారు 1,12,600 మందికి హెచ్ఐవీ ఉన్నట్టు. అంటే నూటికి నాలుగుకి పైనే.

2004-05లో లలిత్ దండోనా, ఆయన సహచరులు జిల్లాలో పల్లెలూ పట్నాలూ కలిపి 66 చోట్ల ఇంటింటికీ వెళ్ళి, 12,617 మంది రక్తం సేకరించి చూశారు. తేలింది సుమారు 45,900. పాత లెక్క రెండున్నర రెట్లు ఎక్కువ! 2006లో వాళ్ళు అది ప్రచురించారు. అదే కాలంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లక్ష మందికి పైగా రక్తపరీక్షలు చేసింది. చివరికి 2007లో దేశం మొత్తం అంచనా 52 లక్షల నుంచి 25 లక్షలకి దిగింది.

ఇంత తేడా ఎందుకొచ్చిందన్నది నాకు ఆ అంకెలకంటే ముఖ్యం. సుఖవ్యాధుల క్లినిక్కుల లెక్కని అదనంగా కలపడం ఒక కారణం. ప్రైవేటు ఆసుపత్రులు హెచ్ఐవీ ఉన్నవాళ్ళని, ఉందని అనుమానం వచ్చినవాళ్ళని ప్రభుత్వాసుపత్రికి పంపించేయడం ఇంకో కారణం. పేదవాళ్ళు ఎక్కువగా ప్రభుత్వాసుపత్రికే వెళ్ళడం మరో కారణం. అంటే ఆ లెక్కలో ఎవరూ అబద్ధం రాయలేదు. రక్తం నిజం, పరీక్ష నిజం. ఎవర్ని రాసుకున్నారన్న చోటే తప్పు దొర్లింది. తలుపు మూసి పంపించేసినవాళ్ళు లెక్కలో లేరు. పంపిస్తే వచ్చినవాళ్ళు ఒక జిల్లా మొత్తానికి ప్రతినిధులయ్యారు. మా తరం పిల్లలం హైదరాబాదు హాస్టళ్ళలో "గుంటూరా?" అన్న వెటకారం విన్నాం. ఆ వెటకారం వెనక ఒక లెక్కల పద్ధతి ఉందని అప్పుడు తెలియదు.

తప్పు రెండోవైపుకీ జరుగుతుంది. 2025లో గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెంలో కొన్ని నెలల వ్యవధిలో ఇరవై మందికి పైగా చనిపోయారన్న వార్తలతో రాష్ట్రం ఉలిక్కిపడింది. మెలియాయిడోసిస్ అనే బాక్టీరియా జబ్బు కావచ్చన్న అనుమానం వచ్చింది. సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా తీసుకుంది, ఊరందరికీ పరీక్షలు మొదలయ్యాయి. ఇలాంటిచోట ఒక్కో చావూ విడిగా చూస్తే మామూలుగానే ఉంటుంది. జ్వరం వచ్చింది, షుగరుంది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, దక్కలేదు. ఒక ఇంటి ఏడుపు. పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అది ఊరి ఏడుపని తెలుస్తుంది. 2021లో మొదలైన ఐహెచ్ఐపీ అనే జాతీయ వేదిక ఉన్నది ఇలా పక్కపక్కన పెట్టడానికే. ఊళ్ళో ఏఎన్‌ఎం చూసిన జ్వరాలు, డాక్టరు చూసిన కేసులు, ల్యాబు తేల్చిన ఫలితాలు మూడూ ఒకచోట కలవాలని. ఏ మరణం ఏ కాగితంలో ఆగిపోతుందో, ఎవరూ కలపకపోతే ఎన్ని వారాలు పోతాయో ఊహించుకుంటే, కంప్యూటర్ల మీద నాకున్న సాహిత్యపు వెక్కిరింత కాస్త తగ్గింది.

మనలో చాలామందికి ఆ వెక్కిరింత ఉంది. ట్యాబ్ వచ్చాక నర్సు రోగి మొహం చూడటం మానేసిందని, పాతకాలం నర్సమ్మకి ఊళ్ళో ప్రతి కడుపూ గుర్తుండేదని. నేనూ ఆ ధోరణిలోనే పిన్ని దగ్గర మొదలుపెట్టాను. "మీ రోజుల్లో రిజిస్టర్లే నయం కదా పిన్నీ?"

"ఏం నయంరా! ఒక్క గర్భిణిని ఎన్ని పుస్తకాల్లో ఎక్కించేదాన్నో తెలుసా? సగం ఎలకలు కొట్టేసినయ్యి. పురిటికి పుట్టింటికి పోయిందంటే మళ్ళీ దాని సంగతి దేవుడికే తెలియాల."

కాసేపు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఊరుకుంది. తర్వాత, అడక్కుండానే, నేనెప్పుడూ వినని సంగతి చెప్పింది.

చాలా ఏళ్ళ కిందట. నెలాఖరు. రిపోర్టు పంపాలి. బీపీ మిషన్లో పాదరసం కారిపోయి రెండు నెలలయింది, కొత్తది ఇవ్వమని అడిగితే రేపు మాపు అంటున్నారు. గడి ఖాళీగా ఉంటే మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. పదకొండు మంది గర్భిణులకి పిన్ని 120/80 అని రాసేసింది. అందులో ఒకామెకి ఎనిమిదో నెలలో ఫిట్సొచ్చాయి. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

"కాళ్ళు వాచినయ్యని నాకు చెప్పిందిరా ఆ పిల్ల. రిజిస్టర్లో బానే ఉందిగా అనుకున్నా. నేను రాసిందే నేను నమ్మా."

నేను రాసిందే నేను నమ్మా. ఈ మాట విన్నాక నాకు ఇంకే తత్వశాస్త్రమూ అక్కర్లేకపోయింది. తప్పుడు అంకె పై అధికారిని మోసం చేస్తుందని అనుకుంటాం. అది ముందు రాసినవాళ్ళ కళ్ళే మూసేస్తుంది. గడి ఖాళీగా ఉండుంటే, ఆ వాచిన కాళ్ళు చూసినప్పుడు పిన్నికి ఆ ఖాళీ గుర్తొచ్చేది. ఖాళీకి గుచ్చే గుణం ఉంది. నింపేసిన గడికి అది లేదు.

ఏఎన్‌ఎంల చేతికి ట్యాబ్ ఇచ్చి అన్‌మోల్ అనే యాప్‌లో రాయించడం దేశంలో మొదట 2016లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. దానివల్ల మేలు జరగలేదంటే అబద్ధం. ఎవరికి ఏ టీకా ఎప్పుడు వేయాలో జాబితా పొద్దున్నే చేతిలో ఉంటుంది. ప్రమాదం ఉన్న గర్భిణులు విడిగా కనిపిస్తారు. విలేజ్ క్లినిక్ నుంచే ఇ-సంజీవనిలో డాక్టరుకి చూపించి మందు ఇవ్వొచ్చు. పిన్ని అడిగితే దొరకనివి ఈ అమ్మాయికి సంచిలో ఉన్నాయి. అయితే ఒక యాప్ తర్వాత ఇంకో యాప్ వచ్చింది. గర్భిణులకొకటి, బీపీ షుగర్లకొకటి, జ్వరాలకొకటి, హాజరుకొకటి. యాప్‌ల భారం తగ్గించమని ఏఎన్‌ఎంలు, ఆశాలు రోడ్డెక్కి అడగాల్సి వచ్చింది. గడి నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. రిజిస్టరైతే ఖాళీ వదిలితే తిట్లతో పోయేది, ట్యాబ్‌లో అసలు ముందుకే పోనివ్వదు. మనిషిని అబద్ధం వైపు నెట్టడంలో ఇది మీటింగు కంటే మొండిది.

అందుకని నాకొక చిన్న కోరిక ఉంది. ప్రతి గడి పక్కనా 'చూడలేదు' అని ఇంకో గడి ఉండాలి. మిషన్ పాడైంది, మనిషి పనికి పోయింది, చీకటిపడింది - ఏదైనా సరే. అది నొక్కితే నర్సుకి మెమో రాకూడదు, మిషన్ రావాలి. చూడలేదని ధైర్యంగా చెప్పగలిగే చోటే, చూశానన్న మాటకి విలువ.

గడి లేకపోవడం ఇంకో సమస్య. ముప్ఫై దాటినవాళ్ళని అడిగే ఆరోగ్య ప్రశ్నావళిలో పొగాకుంది, మందుంది, నడుం కొలతుంది, పొయ్యిలో ఏం మండిస్తారో కూడా ఉంది. కానీ మిరపకీ పత్తికీ మందు కొట్టి తల తిరిగి పడిపోవడం ఈ నేలలో ప్రతి ఇంటికీ తెలిసిన అనుభవం. దానికి ఆ వరసలో నాకు చోటు కనబడలేదు. మందు మొన్న ఎప్పుడు కొట్టావు, ఆ మర్నాడే కలుపుకి దిగావా అని అడిగే గడి లేకపోతే, పదేళ్ళ తర్వాత ఎవరో తెరిచి చూసి, ఇక్కడ ఆ సమస్యే లేదంటారు. ఏది అడగాలో ఢిల్లీలో నిర్ణయమైతే, ఏది కనిపించదో కూడా అక్కడే నిర్ణయమైపోయినట్టు.

ఇక పేరు సంగతి. పేరు తీసేసి లెక్క పెడితే మనిషికి తిరిగి చేరవేయలేమని పైన చెప్పాను. మరి పేరుతో రాస్తే? ఇప్పుడు ఆభా అని 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఉంది. దాని కింద పరీక్షలు, మందులు అన్నీ చేరతాయి. కోసిగి అమ్మాయి చిలకలూరిపేటలో మళ్ళీ మొదట్నించి చెప్పుకునే పని తప్పాలంటే అలాంటిదొకటి కావాలి. కానీ చిన్న ఊళ్ళో రహస్యం ఎంత సన్నటి గోడ వెనకుంటుందో మనకి తెలుసు. గుంటూరులో మందులు తెచ్చుకుంటే ఎవరైనా చూస్తారని ఇంకో జిల్లాకి బస్సెక్కే హెచ్ఐవీ రోగుల గురించి పిన్ని ఎన్నోసార్లు చెప్పింది. ఆ గోడకి చట్టం బలం ఇవ్వడానికే 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం వచ్చింది. అదే ఏడు సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. చట్టం ప్రకారం సమ్మతి కావాలి. కాలవ కట్ట మీద సమ్మతి అంటే "ఓటీపీ చెప్పమ్మా". ఆ ఫోను మొగుడిది. ఓటీపీ వచ్చేది మొగుడికి. సమ్మతి ఎవరిది?

ఇది కొత్త ప్రశ్న కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికల మీద హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు చాలా సమ్మతి పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తర్వాత పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అడగాల్సిన మనిషిని అడిగారా అన్నది మాత్రం కాగితం నుంచి ఓటీపీకి మారినా అలాగే ఉంది.

ఇక్కడ మీరొక మాట అనొచ్చు. రాసుకున్న ప్రతి అంకెకీ ప్రతి మనిషికీ బాకీ తీర్చాలంటే ప్రజారోగ్యం నడుస్తుందా? పేరు లేని లెక్కలు కూడా కావాలి కదా? నిజమే. హెచ్ఐవీ లెక్కల్లో పేరు తీసేయడం వెనక దయ కూడా ఉంది. చికిత్స అందుబాటులో లేని రోజుల్లో, పేరు బయటపడితే ఇంట్లోంచి గెంటేసే రోజుల్లో అది రక్షణే. నేననేది, మనిషికి తీర్చలేని బాకీ ఊరికైనా తీర్చాలి అని. మీ ఊళ్ళో ఈ ఏడు ఇంతమందికి బీపీ ఉంది, ఇంతమంది పిల్లలకి రక్తం తక్కువ, మీ బోరు నీళ్ళలో ఇదుంది అని గ్రామసభలో చదివి వినిపించొచ్చు. మన ఊరి అంకెలు మన ఊరికి తప్ప అందరికీ చేరుతున్నాయి. గుంటూరు హెచ్ఐవీ లెక్క తప్పని తేలినప్పుడు, ఆ మచ్చ మోసిన జిల్లాకి ఆ మాట ఎవరైనా వచ్చి చెప్పారా?

ఆ సాయంత్రానికి తిరిగొస్తాను. నర్సుని క్లినిక్ దగ్గర దింపి ఇంటికొచ్చేసరికి చీకటిపడింది. పిన్నికి అంతా చెప్పాను. నీలం పట్టాలు, బియ్యం డబ్బాలో కార్డు, రాని ఓటీపీ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న మర్చిపోకుండా దారిలో బండి ఆపి ఫోన్లో రాసుకున్నానని కూడా చెప్పాను. పిన్ని అంతా విని ఒక్కటే అడిగింది.

"బీపీ ఎంతుందిరా?"

నాకు తెలియదు. నర్సు పట్టీ కట్టడం చూశాను, గాలి కొట్టడం చూశాను, ట్యాబ్‌లో ఎక్కించడం చూశాను. అంకె అడగాలని తోచలేదు. నాకు కావాల్సింది నేను రాసేసుకున్నాను.

పిన్ని ఫోను తీసి ఆ నర్సుకి చేసింది. 150/100 ఉందట. పెద్దాసుపత్రికి పోవాలని చెబితే, కోతలు ఇంకా పదిరోజులుండగా మేస్త్రి అడ్వాన్సు తీరకుండా ఎలా పోతాం అన్నారట. పొద్దున్నే మళ్ళీ వెళ్తాను మేడం, పీహెచ్‌సీ డాక్టరుగారితో మాట్లాడిస్తాను అంటోంది. పిన్ని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నావైపు చూసింది.

"మావాడు ఆరింటికే బండి తీసుకొస్తాడులే" అంది, ఈసారీ నన్ను అడక్కుండానే.